పాత రౌటర్... కొత్త మెష్... పెత్తనం ఎవరిది?

హాల్లో కూర్చుంటే నెట్ పరుగులు పెడుతుంది. వంటింట్లోకి వెళితే నడుస్తుంది. పడగ్గదిలోకి అడుగుపెడితే గుండ్రంగా తిరుగుతూ ఉండిపోతుంది. మేడమీద అదీ లేదు. 2020 లాక్‌డౌన్‌లో ఆఫీసూ బడీ కాలేజీ ఒకేసారి ఇంట్లోకి వచ్చి కూర్చున్నప్పుడు చాలామందికి మొదటిసారి తెలిసొచ్చిన సంగతి ఇది. ఇంటికి నెట్ రావడం వేరు, ఇల్లంతా నెట్ రావడం వేరు!

అప్పట్నుంచీ ఏ ఎలక్ట్రానిక్స్ షాపుకి వెళ్లినా ఒకటే మందు చెబుతున్నారు. 'మెష్ పెట్టించుకోండి సార్, ఇల్లంతా ఫుల్లు!' అట్టపెట్టెలో రెండో మూడో తెల్లటి డబ్బాలు. పౌడరు డబ్బాల్లా ముచ్చటగా ఉంటాయి. ఇంటికి తెచ్చి, నెట్ కంపెనీవాళ్లు బిగించి వెళ్లిన పాత రౌటర్ పక్కన ఒకటి పెట్టి వైరు గుచ్చుతాం. ఫోన్లో యాప్ చెప్పినట్టల్లా నాలుగు బటన్లు నొక్కుతాం. పది నిమిషాల్లో పనైపోతుంది. ఇల్లంతా ఫుల్లే!

రెండు రోజులు గడుస్తాయి. 'ప్రింటరు కనిపించడం లేదు' అంటాడు అబ్బాయి. 'ఫోన్లో వీడియో టీవీలోకి వెళ్లడం లేదు' అంటుంది అమ్మాయి. ఫోను ఒకసారి పాత పేరునీ ఒకసారి కొత్త పేరునీ పట్టుకుంటోందని నాన్న విసుగు. వేలు పోసి కొన్న డబ్బాలు మంచివి కావని చివరికి ఇంటిల్లిపాదీ తీర్మానించేస్తారు. నిజానికి డబ్బాల తప్పేమీ లేదు. ఇంటికి ఇద్దరు పెద్దలైపోయారు, అంతే. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్న మాట రౌటర్లకీ వర్తిస్తుంది.

ఒక డబ్బా... మూడు ఉద్యోగాలు

నెట్ కంపెనీ ఇచ్చినదాన్ని మనం 'రౌటర్' అని ఒక్క పేరుతో పిలిచేస్తాం కానీ, చాలా ఇళ్లలో అది ఒంటిచేత్తో మూడు ఉద్యోగాలు చేస్తోంది. బయట స్తంభం మీంచి వెంట్రుకంత ఫైబర్‌లో వచ్చే కాంతిని మన పరికరాలకు అర్థమయ్యేలా మార్చడం మొదటిది. ఇంట్లోని ఫోన్లకూ టీవీలకూ ల్యాప్‌టాప్‌లకూ తలా ఒక నంబరిచ్చి, ఎవరు అడిగింది వాళ్లకు చేరేలా లెక్క చూసుకోవడం రెండోది. దాన్నంతా వైఫైగా గాల్లోకి వదలడం మూడోది.

మెష్ డబ్బాలు బ్రహ్మాండంగా చేసేది ఈ మూడో పని. మొదటిది వాటికి చేతకాదు. మామూలు మెష్ డబ్బాకి ఫైబర్ గుచ్చుకునే చోటే ఉండదు. అందుకే 'కొత్తది కొన్నాం కదా, పాతది తీసి అటక మీద పడేద్దాం' అంటే కుదరదు. కొత్తొక వింత, పాతొక రోత అనుకోవడానికి ఇక్కడ వీల్లేదన్నమాట. ఇక రెండో పని పాత డబ్బాకీ వచ్చు, కొత్తదానికీ వచ్చు. మనం ఏమీ చెప్పకపోతే ఇద్దరూ చేస్తారు. చిక్కంతా అక్కడే.

ఆ నంబర్ల సంగతి కాస్త చూద్దాం. మన ఊళ్లలో రామాలయం వీధి లేని ఊరు ఉండదు కదా! ఊళ్లోవాళ్లకి 'రామాలయం వీధిలో మూడో ఇల్లు' అంటే చాలు. పక్క ఊళ్లోనూ అదే వీధి ఉన్నా ఎవరికీ ఇబ్బంది లేదు. రౌటర్లూ ఇంట్లో అలాంటి నంబర్లే పంచుతాయి. 192.168తో మొదలయ్యే అంకెలు మీరు ఎప్పుడైనా చూసే ఉంటారు. ఇలాంటి నంబర్లను ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ లోపల్లోపల వాడుకోవడానికని 1990ల్లోనే విడిగా పెట్టారు. మీ ఇంట్లో 192.168.1.1 ఉంటుంది, ఎదురింట్లోనూ ఉంటుంది. ఇంటి నుంచి బయటికెళ్లే ఉత్తరం మీద మాత్రం రౌటర్ ఈ వీధి నంబరు చెరిపేసి, ఊరి పేరు రాసి పంపుతుంది. జవాబు రాగానే ఎవరిదో చూసి లోపలికి అందిస్తుంది. ఈ పనికే 'న్యాట్' అని పేరు.

పాత రౌటర్ వెనక కొత్త మెష్‌ను తగిలించి ఊరుకుంటే ఏమవుతుంది? మెష్ కూడా తనదే ఊరనుకుని తన వెనకున్నవాళ్లకి వేరే నంబర్లు పంచడం మొదలెడుతుంది. ఊళ్లో ఇంకో ఊరు! ఉత్తరం రెండుసార్లు చెరిపి రాయాలి. దీన్నే 'డబుల్ న్యాట్' అంటారు. ఈ పేరు చెప్పి భయపెట్టేవాళ్లున్నారు కానీ, వార్తలు చదవడానికీ వీడియోలు చూడటానికీ దీనివల్ల పెద్దగా వచ్చే నష్టమేమీ లేదు. అందుకే మొదటి రెండు రోజులూ ఎవరికీ అనుమానం రాదు. ప్రింటరు పాత రౌటర్ దగ్గరా ఫోను మెష్ దగ్గరా ఉన్నప్పుడే అసలు గొడవ. 'ఇక్కడ ప్రింటరెవరైనా ఉన్నారా?' అని ఫోను వేసే కేక తన ఊరి పొలిమేర దాటదు. టీవీ సంగతీ అంతే. ఆన్‌లైన్‌లో స్నేహితులతో ఆటలాడే పిల్లలకైతే గేమ్ మొదట్లోనే హెచ్చరిక వస్తుంది. అన్నిటికన్నా ఘోరం రెండు డబ్బాలూ ఒకే నంబర్ల వరస పంచడం. అప్పుడు ఏ రామాలయం వీధో తెలీక మొత్తం ఆగిపోతుంది. చాలా మెష్‌లు ఇప్పుడు ఇది గమనించి తమ వరస మార్చుకుంటున్నాయి. అన్నీ కాదు.

కొనేముందు... జరిపి చూడండి

ఇంత ఖర్చుకి ముందు పైసా ఖర్చులేని పని ఒకటుంది. రౌటర్‌ను జరపడం! మన ఇళ్లలో అది ఎక్కడుంటుంది? ఫైబర్ వైరు ఎటునుంచి వస్తే అక్కడ. టెక్నీషియన్‌కి డ్రిల్లింగ్ తేలికైన చోట. అంటే గుమ్మం పక్క మూల, టీవీ వెనక, లేదంటే చూడ్డానికి బాగోదని చెక్క అరలో తలుపేసి. టీవీ వెనక పెట్టడమంటే దీపం వెలిగించి బుట్ట బోర్లించడమే. పక్కనే ఇనుప బీరువా ఉన్నా, ఫ్రిజ్ ఉన్నా, పెద్ద అద్దం ఉన్నా, చేపల తొట్టి ఉన్నా అటువైపు సిగ్నల్ పలచబడుతుంది. నీళ్లు వైఫైని పీల్చేస్తాయి. ఇనుము వెనక్కి కొడుతుంది.

గోడల లెక్కా తెలియాలి. గదుల మధ్య నాలుగున్నర అంగుళాల ఇటుక గోడను వైఫై ఓ మాదిరిగా దాటుతుంది. తొమ్మిది అంగుళాల గోడ దగ్గర నీరసిస్తుంది. ఇనుప చువ్వలు అల్లిన కాంక్రీట్ శ్లాబు దగ్గర దాదాపు చేతులెత్తేస్తుంది. అమెరికా ఇళ్లలో చెక్క చట్రానికి పలకలు కొట్టిన గోడలుంటాయి. పెట్టె మీద రాసిన 'ఇన్ని వేల చదరపు అడుగులు' అన్న లెక్కను మన ఇటుక గోడలకి నమ్ముకోవద్దు. అందులో సగం వచ్చినా సంతోషించాలి.

రెండు పడగ్గదుల ఫ్లాటుకి రౌటర్ ఇంటి మధ్యకు జరిగితే చాలా సందర్భాల్లో అదే సరిపోతుంది. ఫైబర్ వైరు పొడిగించమని కంపెనీవాళ్లను అడగండి, లేదా ఉన్నచోట నుంచి మామూలు నెట్ కేబుల్ లాగండి. ఫైబర్‌ను మాత్రం మనం మడతపెట్టి మేకు కొట్టకూడదు. లోపల ఉన్నది గాజు. విరిగితే డబ్బా మీద ఎర్ర దీపం, ఆపైన కంప్లయింటు.

అపార్ట్‌మెంట్లలో మూడు డబ్బాల సెట్టు అనవసరమే కాదు, చేటు కూడా. 2.4 గిగాహెర్ట్జ్ దారిలో ఒకదానికొకటి అడ్డురాని చానళ్లు 1, 6, 11... మూడే. పైన, కింద, పక్కన ఉన్న ఇళ్ల రౌటర్లన్నీ ఆ మూడింట్లోనే కిక్కిరిసి అరుస్తుంటాయి. మన ఇంట్లోంచే ఇంకో మూడు గొంతులు కలిపితే ఎవరి మాట ఎవరికి వినిపిస్తుంది?

మరి మెష్ ఎవరికి? మేడ ఉన్న ఇళ్లకి, పొడుగాటి ఇళ్లకి, పాత మందపాటి గోడల ఇళ్లకి, వెనకవైపు మరో వాటా ఉన్న ఇళ్లకి. ఇళ్లలో వాడే మెష్ సెట్లు జనంలోకి వచ్చింది 2016లో, అమెరికాలో ఈరో అనే కంపెనీతో. ఆ ఏడాది చివర్లోనే గూగుల్ తనదీ తెచ్చింది. తర్వాత అందరూ బారులు తీరారు. అంతకుముందు ఉన్నవి 'ఎక్స్‌టెండర్లు'. ప్లగ్గులో గుచ్చితే పాత సిగ్నల్‌ను పట్టి మళ్లీ వదిలేవి. వాటిలో చౌకవి వినడానికీ చెప్పడానికీ ఒకే నోరు వాడతాయి కాబట్టి వేగం సగానికి పడిపోతుంది. పైగా చాలావాటిలో పేరు వేరు. గది మారితే ఫోన్లో పేరు మార్చాలి. మెష్‌లో డబ్బాలన్నీ ఒకే పేరుతో ఉంటాయి. ఫోను మనతోపాటు నడుస్తూ దగ్గరున్నదాన్ని అందుకుంటుంది. కనీసం అందుకోవాలి!

కాకినాడ ఇల్లు

ఆ 'అందుకోవాలి' అన్నచోట ఏం జరుగుతుందో కాకినాడలో మా బాబాయి వాళ్లింట్లో చూశాను. కింది వాటా తాతగారు కట్టించింది, పద్నాలుగు అంగుళాల గోడలు. ఎండాకాలం ఫ్యానక్కర్లేని గదులు. పై అంతస్తు తర్వాత వేసిన కాంక్రీట్ శ్లాబు. కింద మధ్యగదిలో మా నాయనమ్మ ఉంటుంది. పైన బాబాయి, పిన్ని, హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేసే మా తమ్ముడు. ఫైబర్ వైరు స్తంభం మీంచి మేడ బాల్కనీకి వచ్చింది కాబట్టి రౌటర్ మేడ మీదే ఉంది.

ఆ మధ్యగదిలో సెల్ సిగ్నల్ కూడా సరిగా రాదు. నాయనమ్మ ఫోను మోగాలన్నా, ఆవిడ ఎవరికైనా చేయాలన్నా వైఫై కాలింగే దిక్కు. సెల్ టవర్ అందకపోయినా ఇంటి వైఫై మీదుగా మామూలు ఫోన్‌కాల్ వెళ్లే ఏర్పాటు ఇది. మన దేశంలో 2019 డిసెంబరులో ఎయిర్‌టెల్, 2020 జనవరిలో జియో మొదలుపెట్టాయి. పాత ఇళ్లలో ఉండే పెద్దవాళ్లకు ఇది వరమే. కానీ వైఫై పోతే ఆ ఫోన్ ఉత్త గడియారం!

తమ్ముడు మూడు డబ్బాల మెష్ తెచ్చాడు. ఒకటి రౌటర్ దగ్గర, ఒకటి తన గదిలో, మూడోది కింద నాయనమ్మ గదిలో, బీరువా పక్క గూట్లో. కొత్తదానికి కొత్త పేరు పెట్టాడు. పాత రౌటర్ వైఫైని అలాగే ఉంచాడు, 'ఉంటే మంచిదేగా' అని. ఇంట్లో అందరి ఫోన్లలోనూ కొత్త పేరు ఎక్కించాడు, నాయనమ్మ ఫోన్లో కూడా. అయితే ఆ ఫోన్‌కి పాత పేరూ గుర్తుంది. శ్లాబు దాటి వచ్చే ఆ ఒక్క గీత సిగ్నల్‌నే పట్టుకుని వేలాడింది. పది అడుగుల దూరంలో మెష్ డబ్బా వెలుగుతున్నా సరే! ఫోన్లు ఇంతే. ఒకసారి పట్టుకున్న పేరును పూర్తిగా తెగేదాకా వదలవు.

ఓరోజు తెల్లవారుజామున నాయనమ్మకి షుగర్ పడిపోయింది. పైకి ఫోన్ చేసింది. వెళ్లలేదు. మళ్లీ చేసింది. వెళ్లలేదు. వైఫై గుర్తు మాత్రం తెర మీద కనిపిస్తూనే ఉంది. చివరికి స్టీలు గ్లాసు తీసుకుని కిటికీ ఊచల మీద టంగు టంగుమని కొట్టింది. పిన్ని పరుగెత్తుకొచ్చి పంచదార నీళ్లు పట్టించాక తేరుకుంది. 'ఆ డబ్బాలెందుకురా, గ్లాసే నయం' అందట తర్వాత.

వారం తర్వాత నేను వెళ్లేసరికి తమ్ముడు ఆ మెష్‌ను తిరిగి ఇచ్చేద్దామని పెట్టెలో సర్దుతున్నాడు. 'ఉండు, ముందు అసలు రోగం ఏంటో చూద్దాం' అని నెట్ కంపెనీ టెక్నీషియన్‌ను పిలిపించాం. కుర్రాడు తెలివైనవాడు. డబ్బాల వంక చూడకుండా ముందు నాయనమ్మ ఫోన్ అడిగాడు. అది ఏ పేరు పట్టుకుందో చూసి, 'మామ్మగారూ, మీ ఫోన్ మేడ మీదున్న పాతదాన్ని పట్టుకుందండీ' అన్నాడు. ఆవిడ వెంటనే, 'నేను మాత్రం? డెబ్భై ఏళ్లనుంచీ ఈ ఇంటినే పట్టుకున్నా' అంది.

మోడ్ మార్చాలి

ఆ రోజు చేసినవే ఇలాంటి ప్రతి ఇంట్లోనూ చేయాల్సినవి కాబట్టి వివరంగా చెబుతాను.

మొదట పెత్తనం తేల్చాలి. దీనికి రెండు దారులున్నాయి. కంపెనీ డబ్బాను 'బ్రిడ్జ్' మోడ్‌లో పెట్టి, అది కాంతిని మార్చే పని మాత్రమే చేసేలా చేసి, పెత్తనం మెష్‌కి అప్పగించడం ఒకటి. నెట్ బాగా తెలిసినవాళ్లు దీన్నే మెచ్చుకుంటారు. మామూలు ఇళ్లకు నేను చెప్పను. చాలా కంపెనీల డబ్బాల్లో ల్యాండ్‌లైన్ ఫోనూ, టీవీ సెట్‌టాప్ బాక్సూ ఆ డబ్బాకే తగిలించి ఉంటాయి. దాని పెత్తనం తీసేస్తే వాటిలో ఏది మూగబోతుందో చెప్పలేం. పైగా చాలాచోట్ల ఆ మోడ్ మనకు అందుబాటులో ఉండదు, కంపెనీవాళ్లే మార్చాలి. రేపు నెట్ పాడైతే వచ్చే టెక్నీషియన్ 'మీరేదో మార్చారు' అని తప్పుకుంటాడు.

రెండో దారి తేలిక. పాత డబ్బాకే పెత్తనం వదిలేసి, మెష్‌ను 'యాక్సెస్ పాయింట్' మోడ్‌లో పెట్టడం. అంటే నంబర్లు పంచే పని మానేసి వైఫై వదిలే పని మాత్రమే చూసుకోమనడం. యాప్‌లో ఇది ముందు కనిపించదు. టీపీ-లింక్ డెకోలో 'అడ్వాన్స్‌డ్' లోపల 'ఆపరేషన్ మోడ్' దగ్గర దాక్కుని ఉంటుంది. ఈరోలో దీన్నే 'బ్రిడ్జ్' అంటారు. గమనించారా, ఇందాక పాత డబ్బా విషయంలో చెప్పిన బ్రిడ్జ్ వేరు, ఇది వేరు! ఆ మాట ఏ డబ్బా గురించి వాడారన్నదాన్ని బట్టి అర్థం తలకిందులవుతుంది. ఇద్దరు నిపుణులు ఫోన్లో పోట్లాడుకోవడానికి సగం కారణం ఇదే.

మోడ్ మార్చగానే డబ్బాలు ఒకసారి ఆగి మళ్లీ లేస్తాయి. అప్పటినుంచి ఇంట్లో ఒకటే ఊరు, ఒకటే వీధి. ప్రింటరూ టీవీ ఫోనూ ఒకరినొకరు చూసుకుంటారు. పోయేవీ కొన్నున్నాయి. పిల్లలకి రాత్రి పదింటికి నెట్ ఆపేయడం, ఎవరు ఎంత వాడారో చూడటం వంటి సదుపాయాలు కొన్ని మెష్‌లలో ఈ మోడ్‌లో పనిచేయవు. అవి కావాలని కొంటుంటే ముందే అడగండి. ఇంకో సంగతి. గూగుల్ వైఫై లాంటి సెట్లలో మొదటి డబ్బాను ఇలా మారిస్తే మిగతావి దాంతో గాల్లో కలవడం మానేస్తాయి. 'ఈ మోడ్‌లో పెట్టినా మిగతా డబ్బాలు కలుస్తాయా?' అని షాపులో అడిగి, కాగితం మీద చూపించమనండి. 'ఆ, అన్నీ పనిచేస్తాయండీ' అన్న జవాబు సరిపోదు.

ఆ తర్వాత పేరు. ఇక్కడ చిన్న కిటుకుంది. మెష్‌కి కొత్త పేరెందుకు? పాత రౌటర్ వైఫై పేరూ పాస్‌వర్డూ అక్షరం పొల్లుపోకుండా మెష్‌కి పెట్టేయండి. ఇంట్లోని ఫోన్లు, టీవీ, సీసీ కెమెరా, గీజర్ స్విచ్చు... దేన్నీ మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. పాత యజమానే అనుకుని కొత్తదానికి అతుక్కుంటాయి. వెంటనే పాత రౌటర్ వైఫైని ఆపేయాలి, 2.4 గిగాహెర్ట్జ్‌దీ 5 గిగాహెర్ట్జ్‌దీ రెండూ. రౌటర్ అడుగున అంటించిన కాగితం మీద దాని చిరునామా, లాగిన్ వివరాలు ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో ఆ చిరునామా కొడితే సెట్టింగులు తెరుచుకుంటాయి. ఆపాల్సింది వైఫైని మాత్రమే, డబ్బాను కాదు. ఆ తేడా మరిచిపోయి స్విచ్చాపేసి, 'మెష్ కూడా పోయింది' అన్నవాళ్లూ ఉన్నారు మరి.

బాబాయి వాళ్లింట్లో ఇది చేశాక నాయనమ్మ ఫోన్లో గీతలు ఒకటి నుంచి రెండయ్యాయి. రెండే! ఎందుకంటే కింది డబ్బా పెట్టిన చోటు తప్పు.

దారి మధ్యలో నిలబెట్టాలి

సిగ్నల్ లేని గదిలో డబ్బా పెడితే సిగ్నల్ వస్తుందనుకుంటాం. రాదు. దాని చెవికే ఏమీ వినిపించనప్పుడు అది చెప్పేదేముంటుంది? నిప్పంటుకున్నప్పుడు బావి దగ్గర నుంచి వరసగా నిలబడి బిందెలందిస్తారే, అలాగన్నమాట. మధ్య మనిషి మంట దగ్గర కాదు, రెండు చేతులూ అందేచోట నిలబడాలి. మెష్ డబ్బా ఉండాల్సింది సిగ్నల్ పోయే చోట కాదు, పోవడానికి కాస్త ముందు.

మేడ ఇళ్లకు ఓ అదృష్టం మెట్లదారి. శ్లాబును చీల్చుకు రాలేని సిగ్నల్ మెట్ల ఖాళీలోంచి సులువుగా దిగుతుంది. కింది డబ్బాను బీరువా పక్క గూట్లోంచి తీసి మెట్ల పాదం దగ్గర, నాయనమ్మ గది గుమ్మానికి ఎదురుగా ఎత్తైన అరలో పెట్టాం. గీతలు నిండాయి. పరీక్ష ఇలా చేశాం. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై ఒక్కటే మళ్లీ ఆన్ చేయాలి. సెల్ టవర్ అందే వీల్లేదు కాబట్టి ఆ కాల్ వెళ్లిందంటే వైఫై మీదుగానే వెళ్లినట్టు. మంచం మీద పడుకుని ఒకసారి, బాత్రూంలోంచి ఒకసారి. పెద్దవాళ్లు పడిపోయే చోటు అదే కాబట్టి అక్కడా చూడాలి.

మీ ఇంట్లోనూ స్పీడ్ అంకెల కోసం తాపత్రయపడకండి. వీడియో కాల్‌కు నాలుగు ఎంబీపీఎస్ నిలకడగా అందితే చాలు. వంద ఎంబీపీఎస్ చూపించి రెండు నిమిషాలకోసారి తెగే నెట్ కన్నా పదిహేను దగ్గర కదలకుండా నిలబడేది మేలు.

వైరుకి సాటి లేదు

మెష్ కొన్నవాళ్లకి రుచించని మాట ఒకటుంది. డబ్బాల మధ్య కూడా వైరు లాగగలిగితే లాగండి! గాల్లో మాట్లాడుకునే డబ్బాలు తమలో తాము మాట్లాడటానికే ఉన్న దారిలో కొంత ఖర్చుచేస్తాయి. వైరు ఉంటే ఆ దారంతా మనకే. చాలా సెట్లు వైరు గుచ్చగానే వాటంతటవే గుర్తిస్తాయి. క్యాట్ 6 కేబుల్ వంద మీటర్ల దాకా పనిచేస్తుంది. ఏ ఇంటికైనా అది చాలు. పాత టీవీ కేబుల్ కోసం వేసిన పైపు ఖాళీగా ఉంటే అందులోంచే లాగొచ్చు. కరెంటు వైర్లున్న పైపులోంచి మాత్రం వద్దు. పెరట్లో విడిగా ఉన్న వాటాకి ఆరుబయట రాగి కేబుల్ వేలాడదీయడమూ మంచిది కాదు. పిడుగుల కాలంలో రెండువైపుల డబ్బాలూ మాడిపోతాయి. అక్కడికి ఫైబరే సరి.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ఇది చదువుతుంటే ఒక్క పని చేయండి. శ్లాబు వేసేముందే ప్రతి అంతస్తులో హాల్లోకి, మెట్ల దగ్గరికి నెట్ కేబుల్ కోసం విడిగా ఒక పైపు వేయించండి. ఎలక్ట్రీషియన్ 'ఇప్పుడంతా వైఫైయే కదండీ' అని నవ్వుతాడు. నవ్వనివ్వండి.

వైరు లాగే వీలున్నచోట అసలు మెష్ కొనక్కర్లేకపోవచ్చు కూడా. అటక మీద పాత రౌటర్ ఉంటే దాన్నే యాక్సెస్ పాయింట్‌గా మార్చుకోవచ్చు. ఆ మోడ్ లేని పాత రకమైతే దాని నంబరు ఇంటి రౌటర్ నంబరుతో ఢీకొనకుండా మార్చి, 'డీహెచ్‌సీపీ' అనే నంబర్లు పంచే పని ఆపి, వైరును 'వ్యాన్' అని రాసినచోట కాకుండా 'ల్యాన్' అని రాసినచోట గుచ్చాలి. గదులు మారేటప్పుడు మెష్ అంత నాజూగ్గా ఉండదు. కానీ అయిదారువేల నుంచి పాతికవేల దాకా పలికే సెట్టు ముందు ఒక కేబుల్ ఖరీదెంత? పెరటి గదికి సీరియళ్లు వస్తే చాలనుకునేవాళ్లకి ఇదే నా సలహా. షాపువాడు చెప్పడు కాబట్టి నేను చెబుతున్నాను.

కరెంటు పోతే?

మెష్ పెట్టినవాళ్లలో చాలామంది మరిచేది ఇది. ఒకే రౌటర్ ఉన్నప్పుడు దానికి ఓ చిన్న యూపీఎస్ పెడితే సరిపోయేది. ఇప్పుడు మూడు డబ్బాలు. కరెంటు పోగానే పైన రౌటర్ బతికే ఉంటుంది, మెట్ల కింది డబ్బా చచ్చిపోతుంది. నాయనమ్మ ఫోను మళ్లీ గడియారమైపోతుంది. అసలు అవసరం వచ్చేదే చీకట్లో కదా! ప్రతి డబ్బానూ ఇన్వర్టర్ లైనున్న సాకెట్‌కే తగిలించాలి. మన ఇళ్లలో ఇన్వర్టర్ లైను సాధారణంగా ఫ్యాన్లకీ లైట్లకీ ఇస్తారు, ప్లగ్గులకి అన్నిటికీ ఇవ్వరు. ఎలక్ట్రీషియన్‌కి చెప్పి ఆ ఒక్క సాకెట్ మార్పించుకోవాలి. అది కుదరకపోతే 12 వోల్టుల మినీ యూపీఎస్‌లు దొరుకుతాయి. డబ్బా అడాప్టర్ మీద రాసిన వోల్టులూ యాంపియర్లూ చూసి మరీ కొనండి. కొన్ని మెష్ డబ్బాలకి 12 వోల్టులు కాకుండా వేరే ఉంటుంది.

బాబాయి వాళ్లింట్లో మెయిన్ ఆపి చూశాం. పైన దీపం వెలుగుతోంది, కిందది ఆరిపోయింది. సాకెట్ మార్చి మళ్లీ మెయిన్ ఆపాం. ఈసారి రెండూ వెలిగాయి, మంచం మీంచి చేసిన కాల్ మేడ మీద మోగింది. పిన్నికి అప్పటికీ నమ్మకం కుదరలేదు. కొన్ని వందల్లో దొరికే వైర్‌లెస్ కాలింగ్ బెల్ ఒకటి తెప్పించి, నొక్కే బటన్‌ను అత్తగారి మంచం పట్టెకి అంటించింది. మోగే డబ్బా తన పడగ్గదిలో. దానికి రౌటరూ అక్కర్లేదు, పాస్‌వర్డూ అక్కర్లేదు. బటన్‌లో బ్యాటరీ ఎప్పుడు మార్చాలో క్యాలెండర్ మీద రాసి పెట్టుకుంది. పిన్ని చేసింది సరైన పనే. ఒంటరిగా పడుకునే పెద్దవాళ్లకి నెట్ మీద నడిచే ఫోన్ ఒక్కటే ఆధారం కాకూడదు.

చివరగా ఒక కాగితం పని. అన్నీ అమర్చినవాడు సాధారణంగా ఇంట్లో ఒక్కడే ఉంటాడు. అతను ఉద్యోగం మీద బెంగళూరో డాలసో వెళ్లాక నెట్ ఆగితే మిగతావాళ్లకి ఏది రౌటరో ఏది మెషో కూడా తెలీదు. తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి. వైఫై పేరు, పాస్‌వర్డ్. ఏ డబ్బా ఎక్కడుంది. ఆగిపోతే ముందు కంపెనీ డబ్బాను ఆపి వేయాలి, దానిమీద దీపాలన్నీ స్థిరపడ్డాక మెష్ మొదటి డబ్బా, ఆ తర్వాత మిగతావి. పాత రౌటర్ వైఫైని కావాలనే ఆపామని కూడా రాయండి. లేదంటే ఎప్పుడో ఒకరోజు రీసెట్ చేసిన టెక్నీషియన్ 'మీకు వైఫై ఆగిపోయి ఉంది సార్, ఆన్ చేశాను' అని సాయం చేసి వెళ్తాడు. మీటర్ బోర్డు తలుపు లోపలివైపు ఆ కాగితం అంటించండి. తమ్ముడు అలాగే అంటించాడు. కింద నాయనమ్మ తన మందుల వేళలు కూడా రాయించుకుంది.